సామి గదిలో నా చోటు

మార్గళి నెల, అదే ధనుర్మాసం, మొదలైన వారంలో పీలమేడులోని మా భజన మడానికి వెళ్ళాను. మడం అంటే మా వాళ్ళ మాటలో మఠం. నా చిన్నప్పుడు మా నాయినా, మామలూ తాళాలు వాయించిన చోటు. పెంకులు పోయి స్లాబు వచ్చింది. నేలకు టైల్సు, గోడకు ఏసీ, ఒక మూల వరసగా నీలం రంగు దిండ్లు. తెల్లవారుజామున భజన అయ్యాక ఇప్పుడు చిన్నవాళ్ళ కోసం ధ్యానం క్లాసు కూడా పెడుతున్నారు. ఫోనులో గంట మోగితే అందరూ కళ్ళు మూసుకుంటారు. మళ్ళీ గంట మోగితే అందరూ కళ్ళు తెరిచి ఫోను చూసుకుంటారు. ఎగతాళికి అనడం లేదు. మా రోజుల్లో ఆ మడంలో నోరు మూసుకుని కూర్చున్న మనిషిని చూస్తే జ్వరమా, అలకా అని అడిగేవాళ్ళు. ఆ లెక్కన ఇప్పటి పిల్లలు అదృష్టవంతులు.

క్లాసు అయ్యాక దివ్య అనే అమ్మాయి వచ్చి నా పక్కన కూర్చుంది. మా దూరపు చుట్టాల పిల్లే, దగ్గర్లోనే కంప్యూటర్ ఆఫీసులో పని. "అవ్వా, నేనూ ఎంతో ట్రై చేసినానంగ. రెండు వారాలు బాగా కూకుంటాను, మూడో వారం విట్టుపోతాది. మీరు పెండ్లికి ముందునుంచి ఒక్క పొద్దు కూడా విడవలేదంట కదా. అదెట్లంగ?" అని అడిగింది. మీ 'అండి'కి మా వాళ్ళ మాట 'అంగ'. "అంతా పళక్కం కన్నూ," అన్నాను. అలవాటు, అంతే అని. ఏదో పెద్ద రహస్యం చెబుతానని చూసిన పిల్ల కాస్త నిరాశగా నవ్వి, వెళ్ళి కాఫీ తెచ్చి ఇచ్చింది. నేను అబద్ధం చెప్పలేదు. కానీ ఆ అలవాటు నాకు ఎలా పట్టుకుందో ఆ వెలుతురు గదిలో చెప్పబుద్ధి కాలేదు. ఇంటికి వచ్చినా అదే తలపు. అందుకే రాస్తున్నాను.

మా పాత ఇల్లు మడానికి ఎదురుగా, సందుకు ఇవతల ఉండేది. ఎప్పుడూ ఏదో ఒక చప్పుడు. పొద్దున మిల్లు సంగు, అంటే సైరను, కూసేది. షిఫ్టు మారే ఆ కూతతోనే మా ఇంట్లో పాలు కాగేవి, పిల్లలు లేచేవాళ్ళు. నాయిన మిల్లునుంచి వచ్చేసరికి చొక్కా నిండా దూది పీచు, యంత్రాల నూనె వాసన. మిల్లులో పనికిరాదని పారేసే వేసట్ దూది జేబులో ఇంత తెచ్చేవాడు. మా అవ్వ, అంటే నాయిన తల్లి, మధ్యాహ్నం గడపలో కాళ్ళు చాపుకుని ఆ దూదితో ఒత్తులు చేసేది. ఆమె తొడమీద ఒత్తి దొర్లే చప్పుడు, పొయ్యిమీద ఉడికే ఉలవల వాసన, మధ్యమధ్య ఆమె ముక్కుపొడి పీల్చి తుమ్మే తుమ్ము, ఇవే మా మధ్యాహ్నాలు. ఎన్నో తరాల కింద తమిళదేశానికి వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళం మేము, అందరూ భజన పిచ్చివాళ్ళు. తెలుగు పాటలే పాడేవాళ్ళు, కానీ పుస్తకంలో తమిళ లిపిలో రాసుకుని. తెలుగు అక్షరం తెలిసినవాడు వెతికినా దొరికేవాడు కాదు. నేనైనా పెళ్ళయ్యాకే నేర్చుకున్నాను.

అంత భజన ఇంట్లో అవ్వ మాత్రం మడం గడప తొక్కేది కాదు. శనివారం సాయంత్రం ఎదుట తాళాలు మొదలవగానే లేచి పెరట్లోకి పోయి రుబ్బురోలు ముందు కూర్చునేది. రుబ్బడానికి నానబెట్టింది ఏమీ లేకపోయినా ఉత్త బియ్యం వేసి రుబ్బేది. భజన ఆగేదాకా రాయి తిరుగుతూనే ఉండేది. అవ్వకు పని పిచ్చి అని మేం నవ్వుకునేవాళ్ళం.

ఇక్కడ మా ఆచారం ఒకటి చెప్పాలి. పెళ్ళికాకుండా చనిపోయిన ఆడపిల్లను మా వాళ్ళు ఇంటి దేవతగా పెట్టుకుంటారు. కన్నెమ్మ అంటారు. ఆమెకు గుడి ఉండదు, పూజారి రాడు. సామి గదిలో ఉట్టికి ఒక తాటాకు పెట్టె వేలాడుతుంది. అందులో ఆ పిల్లకు సరిపోయే పావడ, రవిక, గాజులు, రిబ్బను. ఏడాదికి ఒకసారి పెట్టె దించి, పాతవి తీసి కొత్తవి పెట్టి, చలిమిడి నైవేద్యం పెడతారు. ఎన్నేళ్ళు గడిచినా ఆ పిల్ల పెరగదు. పావడ కొలత మారదు. మా కన్నెమ్మ మా నాయిన చెల్లెలు, పేరు రాజి. వరసకు నాకు మేనత్త. నేను పుట్టేనాటికే ఆమె పలక పట్టుకునే వయసులో ఆగిపోయి ఉంది. సాయంత్రం దీపం పెట్టాక సామి గది తలుపు ఓరగా వేసి అందరం బయటికి వచ్చేసేవాళ్ళం. అది కన్నెమ్మ వచ్చి ఆడుకునే వేళ అని నమ్మకం. ఆ గదిలోకి అప్పుడు పిల్లి కూడా పోయేది కాదు.

నేను ధ్యానంలో పడింది భక్తి ఎక్కువై కాదు, గొంతు బాగాలేక. నేను పాట ఎత్తుకుంటే పెరుమాళ్ళే పీఠం దిగి పోతాడని మా వాళ్ళ వేళాకోళం. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు మడంలో వెనక స్తంభం దగ్గర ఒదిగి కూర్చునేదాన్ని. ఆ స్తంభానికి ఆనుకుని ఇంకొకాయన కూర్చునేవాడు. అందరూ ఆయన్ని భజన మామ అనేవాళ్ళు. ఒకప్పుడు ఆయన గోవిందా అంటే మిల్లు సంగు వినబడేది కాదట. గొంతులో గడ్డకు ఆపరేషన్ అయ్యాక మాట పోయి గుసగుస మిగిలింది. అందరూ పాడుతుంటే ఆయన కళ్ళు మూసుకుని కదలకుండా ఉండేవాడు. ఒకరోజు నా చెవి దగ్గరికి వంగి, "నీకు పాట రాదు, నాకు గొంతు లేదు. మంచి జోడీనే. నాతో సుమ్మా కూకో," అన్నాడు. ఊరికే కూర్చో అని.

"ఏం చెయ్యాలంగ మామా?"

"ఏమీ చెయ్యొద్దు కన్నూ. ఊపిరి వస్తాది, పోతాది. దాన్నే చూస్తా ఉండు. ఇంట్లో కూడా ఒకే చోటు పట్టు, ఒకే పొద్దు పట్టు. బాగా కూకున్నా చెడ్డగా కూకున్నా కూకో. నువ్వు వస్తావని ఆ చోటుకు తెల్సిపోవాల."

నాకప్పుడు కాలేజీలో మొదటి ఏడు. ఇల్లు నిండా మనుషులు. పొద్దుగూకే వేళ ఖాళీగా ఉండేది ఒక్క సామి గదే. నాకు పనికొచ్చే చోటు అదేననిపించింది. గోడకు వీపు ఆనకుండా, తలమీద కాస్త పక్కగా తాటాకు పెట్టె ఉండేలా చాప వేసుకుని కూర్చునేదాన్ని. సాయంత్రం సంగు కూస్తే లేచేదాన్ని. మొదట్లో అంతా కోతి వ్యవహారమే. దోమ, తిమ్మిరెక్కిన కాలు, రేపటి కెమిస్ట్రీ. సంగు ఎప్పుడు కూస్తుందా అని చెవులు రిక్కించుకుని కూర్చోవడాన్ని ధ్యానం అంటారా అని మామను అడిగితే, "అంటారు" అని తేల్చేశాడు. అలా కొన్ని వారాలు పోయాక మనసు కాస్త దిగింది. ఊపిరి దానంతట అది వచ్చి పోవడం కనబడసాగింది. నాకు చాలా సంతోషంగా ఉండేది. నాకంటూ దొరికిన మొదటి వస్తువు అది.

తర్వాత ఒకనాడు ఒక అనుమానం వచ్చింది. నేను చూస్తున్న ఊపిరి చిన్నది. గబగబా వస్తోంది, పైపైనే పోతోంది, జ్వరం వచ్చిన పిల్ల పీల్చినట్టు. నా రొమ్ము మాత్రం నెమ్మదిగా లేచి దిగుతోంది. రెండూ కలవడం లేదు. కళ్ళు తెరిస్తే దీపం, ఉట్టి, ఓరగా వేసిన తలుపు. కొత్తగా కూర్చునేవాళ్ళకు ఇలాంటివి అవుతాయని సర్దిచెప్పుకున్నాను. మర్నాడు మళ్ళీ అదే. భయపడి పారిపోయి ఉండాల్సింది. కానీ ఆ ఊపిరి నన్నేమీ చేయలేదు. అది కూడా ఎందుకో కుదురుగా కూర్చోవాలని చూస్తున్నట్టు అనిపించింది.

గొడవ వేరే వైపునుంచి వచ్చింది. ఒక సాయంత్రం అమ్మ నన్ను పిలిచింది, బొగ్గులు తెమ్మని. వినబడింది, కానీ ఎక్కడో దూరపు ఇంట్లో ఎవరినో పిలుస్తున్నట్టు. పలకలేదు. అమ్మ తలుపు తోసి చూసింది. దీపం వెలుగులో, కన్నెమ్మ పెట్టె కింద, కళ్ళు మూసుకుని బొమ్మలా కూతురు. కెవ్వున అరిచింది. సందులో ఆడవాళ్ళందరూ పసుపు నీళ్ళతో, కర్పూరంతో పరుగున వచ్చారు. నా మొహాన నీళ్ళు చల్లి, "తల్లీ, ఎవరు నువ్వు? నీకేం కావాల?" అని అడిగారు. తడిసి, చిరాకెత్తి, "కాపి కావాల," అన్నాను. అంతే, దండాలు పెట్టేశారు. కన్నెమ్మ కాఫీ అడిగిందని సందంతా చెప్పుకున్నారు. మర్నాటినుంచి పెట్టె కింద ఒక గ్లాసు కాఫీ పెట్టడం మొదలైంది. "నేను సరోజానంగ, అత్తా!" అని మొత్తుకుంటే, "చూడు, కన్నెమ్మకు ఎంత కుసాలో," అని మురిసిపోయేవాళ్ళు. ఒకావిడ పోయిన చెవికమ్మ ఎక్కడుందో చెప్పమని రోజూ వచ్చి గుమ్మంలో కూర్చునేది.

అమ్మకు మాత్రం నవ్వు రాలేదు. "సామి వచ్చే పిల్లని ఎవరు చేసుకుంటారు? ఇంక ఆ గదిలో కూకొనే పని వద్దు," అని కచ్చితంగా చెప్పింది. నాయినా సరే అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఉన్న ఒక్కటీ పోతోందని. అప్పుడు అవ్వ ఒత్తుల పళ్ళెం పక్కన పెట్టి లేచింది. సామి గది గుమ్మంలో పీట వేసుకుని కూర్చుంది. "దాన్ని ఎవరూ ఆపొద్దు. ఎవరొస్తారో రాండి, నేను చూస్తాను," అంది. కొడుకును అలా ఎదిరించడం నేనెప్పుడూ చూడలేదు. ఆనాటినుంచి, ఇంట్లో వాళ్ళు భజనకు పోయే శనివారం తప్ప, రోజూ దీపాల వేళ అవ్వ గుమ్మంలో కాపలా, నేను లోపల.

అలా ఎందుకు కాపలా కూర్చుందో ఒక ఆదివారం నా తలకు నూనె పెడుతూ తనే చెప్పింది. వేళ్ళు నా తలలో ఆడుతూనే ఉన్నాయి, గొంతు మాత్రం మారిపోయింది.

"పురట్టాసి నెల, పెరుమాళ్ళ శనివారం. రాజికి జొరం. నిద్దరపోయింది కదాని చాపమీద పండబెట్టి, దీపం పెట్టి, మడానికి పొయ్యినాను. ఎదుటనే కదా, పిలిస్తే వినబడతాదిలే అనుకొన్నాను. ఆ పొద్దు రెండు ఊర్లోళ్ళు వచ్చి పాడినారు. ఒకటే సత్తం, పక్కనోళ్ళ మాట కూడా వినబడదు. నేనూ పాడినాను కన్నూ, బాగా పాడినాను. తిరిగొచ్చి చూస్తే పిల్ల చాపమీద లేదు. సామి గది గడప దగ్గర పడుండాది. పొయ్యిండాది."

అవ్వ అరచేతిలో ఇంకొంచెం నూనె పోసుకుంది.

"ఆడదాకా వచ్చిందంటే నన్ను పిల్చిందా? పిలిస్తే నేను వినలేదా? అది ఒకటే నాకు తెలియాల. ఇంకేం వద్దు. ఇన్నేండ్లకు ఆ గదిలో ఎవరో ఒకరు సత్తం చెయ్యకుండా కూకుండారు. నువ్వు మానొద్దు."

శనివారాల రుబ్బురోలు చప్పుడు ఎందుకో నాకప్పుడు అర్థమైంది. ఆ తర్వాత ఎప్పుడూ నవ్వలేదు. నా సొంతం అనుకున్న ధ్యానంలో ఇంకొకరి ఆశ వచ్చి కూర్చుంది. బరువుగానే ఉండేది. ఆమె అడగాలనుకున్నది అడిగి, నావైపు చూస్తే నేనేం చెప్పాలి? పిలవలేదని చెబితే ఆ ముసలి ప్రాణం కుదుటపడుతుంది. కానీ ఆ మాట చెప్పడానికి నేనెవరిని?

ఆ మధ్యలో మేట్టుపాళయంలో పెళ్ళి. అమ్మ వైపు చుట్టాలు, వక్కల వ్యాపారం చేసేవాళ్ళు. ఇంట్లో అవ్వను వదిలి అందరం పోయాం. సాయంత్రం దీపాల వేళకు నేను మండపంలో పూలు కడుతూ ఉన్నాను. కూర్చోలేదు. ఏదో తప్పు చేసినట్టు అనిపించింది, తర్వాత విందులో పడి మరిచిపోయాను. తిరిగివచ్చాక మడంలో భజన మామ నన్ను పక్కకు పిలిచాడు.

"ప్రసాదం ఇచ్చేదానికి మీ ఇంటికి వచ్చినాను. నువ్వు లోపల కూకొని ఉండావు. రెండు సార్లు పిల్చినాను, కదల్లేదు. మీ అవ్వ గుమ్మంలో ఉంది, పిలవొద్దు అనింది. వీపు ఎంత నేరుగా ఉండాది! నాకు మస్తు సంతోసం." కాస్త ఆగి, ఆ గుసగుస గొంతుతోనే నవ్వాడు. "ఆ రెండు జడలూ పావడా ఏంటికమ్మా? కాలేజీ పిల్లవి కదా."

నేను ఒక జడ వేసుకుంటాను. చీర కట్టుకుంటాను. సరేనంగ అని మామ దగ్గరనుంచి వచ్చేశాను. ఇంటికి వచ్చి అవ్వను అడిగాను. అవ్వ ఒత్తి చేస్తూ తల కూడా ఎత్తలేదు. "నువ్వు రాకుంటే చోటు చల్లబడిపోతాది కదా. అందుకని అది కూకొనింది," అంది, పాలు పొంగినాయి అన్నంత మామూలుగా.

ఆనాటినుంచి నేను ఒక్క సాయంత్రం కూడా మానలేదు. భక్తి అని చెప్పను, క్రమశిక్షణ అనీ చెప్పను. నేను లేనప్పుడు ఆ చోట ఎవరు కూర్చుంటారో తెలిసిపోయింది, అంతే. ఇప్పటి పిల్లలు నిశ్శబ్దాన్ని అలసట తీర్చే మందులా తీసుకుంటారు. గంట మోగగానే అది అయిపోతుంది, వాళ్ళు ఆఫీసుకు పోతారు. మంచిదే, వాళ్ళ అలసట నాకు తెలియనిది కాదు. మా రోజుల్లో నిశ్శబ్దం అంత ఖాళీగా ఉండేది కాదు. మా పెద్దవాళ్ళు అంత గట్టిగా తాళాలు కొట్టింది దేవుడికి వినబడాలనా, లేక వాళ్ళకే ఇంకేమీ వినబడకూడదనా అని ఇప్పుడు అనుమానం వస్తుంది. మడంలో ఆ ఏసీ చప్పుడు కింద ఏముందో నేనైతే వెతకను.

ఇంక అవ్వ తన ప్రశ్న అడిగిన సాయంత్రం గురించి. మళ్ళీ పురట్టాసి శనివారం. ఇంట్లో వాళ్ళందరూ ఎదుట మడంలో ఉన్నారు. పాట మంచి ఊపులో ఉంది. నేను చాపమీద కూర్చున్నాను. ఆనాడు పెరట్లో రాయి తిరగడం లేదని కాసేపటికి గాని గమనించలేదు. కళ్ళు తెరిస్తే అవ్వ గుమ్మం దాటి లోపలికి వచ్చి నా ఎదురుగా కూర్చుని ఉంది. మంచి చీర కట్టుకుంది. మొహం కడుక్కుని బొట్టు పెట్టుకుంది. అడగబోతోందని తెలిసింది.

"అవ్వా, నేనంగ. సరోజాను," అన్నాను. ఆమెను మోసపోనివ్వకూడదని.

"నువ్వని నాకు తెల్సు కన్నూ. నిన్నెవరు అడిగినారు? నువ్వు కండ్లు మూసుకో. పలకొద్దు."

మూసుకోలేకపోయాను. ఆమె నావైపు చూడటం లేదు. నా భుజం పైనుంచి, నా వెనక, కూర్చున్న పిల్ల మొహం ఎంత ఎత్తులో ఉంటుందో అంత ఎత్తులో చూస్తోంది.

"రాజీ," అంది. "ఆ పొద్దు నువ్వు నన్ను పిల్చినావా తల్లీ?"

సరిగ్గా అప్పుడు ఎదుట పాట అయిపోయింది. ఇంకో పాట ఎత్తుకునే లోపల దొరికే ఆ కాస్త ఎడం. సందు మొత్తం మూగబోయింది. నా మెడ వెనక, వెచ్చగా, చాలా దగ్గరగా నాకు వినబడింది. "అమ్మా." గట్టిగా కాదు. దాహమేసిన పిల్ల చాపమీదనుంచి పిలిచినట్టు. కాసేపాగి మళ్ళీ, ఇంకొంచెం గట్టిగా, "అమ్మా."

అవ్వ మొహం వైపు చూశాను. ఆమె మెడ ముందుకు చాచి, చెవి పక్కకు తిప్పి వింటోంది. ఆమె మొహంలో ఏ కదలికా లేదు. ఆమెకు వినబడలేదు. అంత దగ్గర కూర్చుని, ఇన్నేళ్ళు ఎదురుచూసి, ఆమెకు వినబడలేదు. మూడోసారి పిలుపు వచ్చినప్పుడు కూడా అలాగే వింటూ ఉంది. తర్వాత ఆమె బుగ్గలు వదులయ్యాయి. కళ్ళనుంచి నీళ్ళు కారాయి.

"చూసినావా, పిలవలేదు," అంది నాతో. "పిలిచుంటే ఇప్పుడు పలికుండదా? నిద్దర్లోనే పొయ్యిండాది నా బిడ్డ. నేను వినకపోలేదు."

కొంగుతో మొహం తుడుచుకుని, నా తలమీద చెయ్యి పెట్టి, లేచింది. పెరట్లోకి పోలేదు. వాకిలి దాటి, సందు దాటి, మడంలోకి పోయింది. ఆడవాళ్ళు ఆశ్చర్యంగా జరిగి చోటిచ్చి ఉంటారు. కాసేపటికి ఎదుటనుంచి ఆమె గొంతు వినబడింది. పాడుతోంది. ఎంత బాగా పాడేదో నాకప్పటిదాకా తెలియదు.

నేను మాత్రం లేవలేకపోయాను. నా వెనక పిలుపు ఆగలేదు. ఎదుట తాళాలు జోరందుకున్న కొద్దీ అది గట్టిపడింది, భయపడింది. నేను కళ్ళు మూసుకుని, పెదవి కదపకుండా, లోపలే అన్నాను. "ఆఁ, ఈడనే ఉండాను." పిలుపు ఆగింది. ఆ చిన్న ఊపిరి కాస్త నెమ్మదించింది.

అవ్వ ఆ తర్వాత చాలాకాలం బతికింది, ఏ శనివారమూ భజన మానలేదు, నవ్వుతూ పోయింది. ఆమెకు నేనేమీ చెప్పలేదు. పెళ్ళయి కినత్తుకడవు ఊళ్ళో కొబ్బరితోటకు పోయాను, అక్కడినుంచి మళ్ళీ ఇక్కడి అపార్టుమెంటుకు వచ్చాను. ఎక్కడున్నా దీపాల వేళకు చాప వేసుకుంటాను. కాసేపటికి రాజి పిలుస్తుంది. నాకు ఈ మధ్య మోకాళ్ళు పట్టేస్తున్నాయి, నా తర్వాత ఎవరు పలుకుతారో తెలియదు.